ఎనిమిది సెకన్ల అక్క

పెళ్లి వీడియోలు తీసేవాడికి సెకన్లు లెక్కపెట్టే జబ్బు ఒకటి ఉంటుంది. తలంబ్రాల షాట్ ఎంతసేపు ఉంచాలి, అప్పగింతల్లో తల్లి ఏడుపు ఎక్కడ కట్ చేయాలి, ఇదే మా బతుకు. అందుకే మొన్న వేసవిలో కర్నూలులో, యూట్యూబర్లను అభిమానులు టికెట్ కొని కలిసే మీట్‌లో, మా అక్క కూతురు తన అభిమాన యూట్యూబర్ ముందు నిలబడినప్పుడు, నా బుర్ర దానంతట అదే లెక్కవేసింది. ఎనిమిది సెకన్లు. అందులో మూడు, వాలంటీర్ ఈ పిల్ల చేతిలోని ఫోన్ లాక్కుని కెమెరా తెరవడానికే పోయాయి. రెండు ఫోటోకి. మిగిలిన మూడింట్లో ఆ అమ్మాయి "థాంక్యూ రా, బాగా చదువుకో" అంది. అంతే, వెనకనున్న పిల్లను ముందుకు తోశారు.

దిగొచ్చాక అడిగాను, "ఏం మాట్లాడినావ్ పాపా?" అని.

"ఏం ల్యా మామా. పేరు చెప్పేలోపల అయిపాయ."

ఇందుకోసం మేము తెల్లవారుజామున నాలుగున్నరకు కడప బస్టాండులో బస్సెక్కాం. మా అక్క కూతురు, దాని స్నేహితురాలు, తోడుగా నేను. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల. నంద్యాలలో దిగి ఉగ్గాని, బజ్జి తిన్నాం. మొత్తం రోజులో పెట్టిన డబ్బుకు న్యాయం జరిగింది అక్కడొక్కచోటే అని ఇప్పుడనిపిస్తుంది. దారి పొడుగునా పిల్ల ఒళ్లో ఒక అట్టపెట్టె. అందులో పాత పేపర్లలో చుట్టిన లాంతరు గ్లాసు.

ఆ గ్లాసు సంగతి చెప్పాలి. మా పిల్ల చూసే ఛానల్‌లో ఒక అమ్మాయి రాత్రిపూట మిద్దె మీద కూర్చుని దెయ్యం కథలు చెబుతుంది. పక్కన ఒక లాంతరు తప్ప వేరే లైటు ఉండదు. అరవదు, మ్యూజిక్ పెట్టదు. గొంతు బాగా తగ్గించి, పక్క మంచం మీద పడుకున్న చెల్లెలికి చెబుతున్నట్టు చెబుతుంది. మా పిల్ల ఇంటర్ రెండో సంవత్సరంలో టెన్షన్‌తో నిద్రపట్టక, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆ గొంతు వింటూ పడుకునేది. దెయ్యం కథలు వింటూ నిద్రపోవడం ఏంటో నాకర్థం కాదు గానీ, పోయేది. ఆరు నెలల కిందటి వీడియోలో లాంతరు గ్లాసుకు పగులు కనిపించిందట. ఎవరూ గమనించని ఆ పగులు ఇది గమనించింది. బజారంతా తిరిగి కొత్త గ్లాసు కొని, నాలుగు పేజీల ఉత్తరం రాసి, జతచేసింది. ఎనిమిది సెకన్లలో ఆ పెట్టె కూడా ఒక వాలంటీర్ చేతుల్లోకి, అక్కణ్నుంచి టెడ్డీబేర్లు, చాక్లెట్ బొకేలు పడేసిన పెద్ద అట్టడబ్బాలోకి పోయింది. పడిన చప్పుడు నాకు వినిపించింది.

కార్యక్రమం ఎవరు పెట్టారో, ఏ హాలులో జరిగిందో రాయను. వాళ్ల మీద ఫిర్యాదు చేయడానికి ఇది మొదలుపెట్టలేదు. ఫిర్యాదులు లేవని కాదు. పదిగంటలకన్న గేటు పన్నెండు దాటాక తీశారు. కర్నూలు ఎండ గురించి రాయలసీమవాళ్లకు నేను చెప్పేదేముంది. షామియానా ఉంది, కానీ దాని కింద ఉన్నది స్పాన్సర్ల కార్లు. పోస్టర్ మీద వేసిన మొహాల్లో నలుగురు రానేలేదు, సాయంత్రం దాకా "దారిలో ఉన్నారు" అంటూనే ఉన్నారు. లోపల సిగ్నల్ చచ్చిపోయి, ఫోన్లో టికెట్ తెరుచుకోక, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోని వాళ్లంతా గేటు దగ్గర ఏడుపు మొహాలతో నిలబడ్డారు. ఇవన్నీ బాగు చేయగలిగిన తప్పులు. ఒక అనుభవమున్న క్యాటరింగ్ మేస్త్రీని పిలిచి అప్పజెప్పినా సగం సర్దేస్తాడు.

నేను చెప్పదలచుకున్నది వేరు. ఇవన్నీ సరిగ్గా చేసినా ఆ పిల్ల అట్లాగే తిరిగొచ్చేది.

ముందు లెక్క చూడండి. నేను చూసినంతలో, ఒక మనిషి వచ్చి, ఫోటో దిగి, కదిలి, ఇంకో మనిషి రావడానికి పదిహేను సెకన్లు. నిమిషానికి నలుగురు. గంటకు 240 మంది. అదే 500 మందికి తలా ఒక్క నిమిషం ఇవ్వాలంటే ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు పడుతుంది, మధ్యలో మంచినీళ్లు తాగకుండా. ఏ మేనేజరూ, ఏ వాలంటీరూ ఈ లెక్కను మార్చలేడు. వీడియోను పది లక్షల మందికి పంచినా ఎవరి వాటా తగ్గదు. మనిషి అట్లా కాదు, పంచేకొద్దీ అరుగుతాడు. ఆ అమ్మాయిని చూశాను కదా, బల్ల కింద చెప్పులు విప్పేసి, వాచిన పాదాలను గచ్చుకు ఆనించుకుని కూర్చుంది. పైన మాత్రం నవ్వు. రిసెప్షన్లలో పెళ్లికూతుళ్ల మొహాల మీద మూడోగంటకు వచ్చే నవ్వు అది. నాకు బాగా తెలుసు, ఎడిటింగ్‌లో మేము ఆ నవ్వుల్ని తీసేస్తాం.

రిసెప్షన్ అంటే గుర్తొచ్చింది. అక్కడా వరసే, అక్కడా ఫోటోనే, అక్కడా తోపులాటే. అయినా ఎవరూ మోసపోయామనుకోరు. ఎందుకంటే స్టేజి ఎక్కిన మేనమామకు పెళ్లికొడుకు రేపూ ఉంటాడు, నిన్నా ఉన్నాడు. ఆ ఫోటో చుట్టరికానికి రసీదు మాత్రమే. పైగా కింద భోజనం ఉంది.

"తిరుమలలో గంటలు గంటలు నిలబడి, ఒక్క క్షణం చూసి రావడం లేదా?" అని తిరుగుప్రయాణంలో నేనే పిల్లను సముదాయించబోయాను. అది కాసేపు ఆలోచించి, "స్వామికి నా పేరు చెప్పుకోవాలని నేను పోను కదా మామా" అంది. ఆ మాట నాకు ఇంకా తిరుగుతూనే ఉంది. మా దేవుని కడపను తిరుమలకు తొలి గడప అంటారు. అక్కడ మొక్కి కొండకు పోయేవాళ్లను చిన్నప్పటినుంచి చూస్తున్నాను. మహాలఘు దర్శనమైనా, జరగండి జరగండి అని నెట్టేసినా, కళ్లు తుడుచుకుంటూ నిండుగానే బయటికొస్తారు. దర్శనంలో చూడటమే ఫలం. సినిమా హీరోకైనా అంతే. వాడు దూరంగా ఉంటాడనే ఒప్పందం మీదే అభిమానం మొదలవుతుంది. బాల్కనీలోనుంచి చెయ్యి ఊపితే చాలు, జన్మ ధన్యం. కానీ ఈ మిద్దె మీది అమ్మాయి అమ్మింది దూరాన్ని కాదు, దగ్గరితనాన్ని. రెండేళ్లు చెవిలో గుసగుసలాడిన మనిషి, ఎదురుపడ్డ రోజు పేరు కూడా అడగకపోతే, అది దర్శనం కాదు. తెలిసినవాళ్లు బజార్లో చూసీ చూడనట్టు పోయినట్టు ఉంటుంది.

ఈ తిరకాసు యూట్యూబ్‌తో పుట్టలేదు. 1956లోనే డోనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు దీని మీద వ్యాసం రాశారు. అప్పటికి అక్కడ టీవీ కొత్త. కెమెరాలోకి చూస్తూ "మీరు" అని మాట్లాడే కార్యక్రమ కర్తలతో, ప్రేక్షకులకు ముఖాముఖి స్నేహం లాంటిదొకటి కుదురుతుందనీ, అది ఒకవైపు నుంచే నడుస్తుందనీ గమనించారు. దానికి పారాసోషల్ అని పేరు పెట్టారు. అప్పుడది హాల్లో పెట్టెలోనుంచి వచ్చేది, ఇంటిల్లిపాదీ కలిసి చూసేవాళ్లు. ఇప్పుడు దుప్పటి కింద, ఇయర్‌ఫోన్స్‌లో, ఒక్కదానికే. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక మా పల్లెల్లో కూడా ప్రతి దుప్పటి కిందకూ ఒక అక్కో అన్నో వచ్చేశారు. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించినా ఆ అక్కలూ అన్నలూ ఎక్కడికీ పోలేదు, షార్ట్స్‌కూ రీల్స్‌కూ మారారు. ఆ తర్వాతే జిల్లా కేంద్రాల ఫంక్షన్ హాళ్ల మీద ఇట్లాంటి మీట్‌ల కన్ను పడింది.

ఇళ్లకొచ్చిన రాత్రి, నిద్రపట్టక, ఇది మనకొక్కరికేనా ఖర్మ అని వెతికితే, కాదని తెలిసింది. వీడియోలు చేసేవాళ్లకూ చూసేవాళ్లకూ జరిగే సంతల్లో బాగా పేరున్నది విడ్‌కాన్. 2010లో జాన్ గ్రీన్, హాంక్ గ్రీన్ అనే అన్నదమ్ములు లాస్ ఏంజెలెస్‌లో ఒక హోటల్లో మొదలుపెట్టారు. వాళ్లూ వీడియోలు చేసేవాళ్లే. మొదటిసారి వచ్చింది 1,400 మంది దాకా. ఆ లెక్కలో కాఫీ తాగుతూ ఎవరైనా ఎవరికైనా తగిలేవాళ్లు. తర్వాత అది అనహైమ్‌లోని పెద్ద కన్వెన్షన్ సెంటర్‌కు మారింది, వేలు దాటింది, 2018లో వయాకామ్ కంపెనీ కొనేసింది. అభిమానులకో రకం టికెట్, వీడియోలు చేసేవాళ్లకో రకం, వ్యాపారస్తులకో రకం వచ్చాయి. వరసల తోపులాట భరించలేక, ఎవరు ఎవర్ని కలవాలో లాటరీ తీయడం మొదలుపెట్టారు. పద్ధతిగానే ఉంది. కానీ లాటరీ తగలని పిల్ల, విమానం ఎక్కి వచ్చి, తన మనిషిని దూరంగా గార్డుల మధ్య చూసి తిరిగిపోతుంది. వరస బాధ పోయింది, లెక్క మాత్రం మారలేదు.

ఆ 2018లోనే దీనికి ఎదురుగా ఒక తమాషా జరిగింది. తమాషా అనకూడదేమో, పిల్లలు ఎండకు కమిలిపోయారు. తానా మొంజో అనే యూట్యూబర్, విడ్‌కాన్ తనకు తగిన గుర్తింపు ఇవ్వలేదని అలిగి, అదే వారంలో, అక్కడికి దగ్గర్లోనే, తన పేరుతోనే తానాకాన్ పెట్టింది. అభిమానులను దూరం పెట్టని సంత ఇది అని చెప్పింది. జూన్ 22న హోటల్ బయట వేలమంది, నీడ లేని పార్కింగ్ స్థలంలో గంటల తరబడి నిలబడ్డారు. లోపల పట్టేది అందులో కొద్దిమందికే. మొదటి రోజే మూసేశారు. 65 డాలర్లు పెట్టి వీఐపీ టికెట్ కొన్నవాళ్లు దాంతోపాటు ఇచ్చిన సంచీలో స్టిక్కర్లు లాంటివి చూసుకుని నివ్వెరపోయారు. అంతకు నాలుగేళ్ల ముందు, 2014లో, ఇల్లినాయ్‌లో టంబ్లర్ అనే సోషల్ మీడియా సైటు అభిమానులు పెట్టుకున్న డాష్‌కాన్‌లో, హోటల్‌కు కట్టాలంటూ వచ్చినవాళ్ల దగ్గరే 17,000 డాలర్ల చందా అడిగారు. ఒక కార్యక్రమం రద్దయితే దానికి పరిహారంగా, పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ బంతుల తొట్టెలో ఇంకో గంట ఆడుకోవచ్చన్నారు. కర్నూలులో కనీసం చందా అడగలేదు.

తానా మొంజో కథలో నాకు పట్టుకున్నది ఆ ఎండ కాదు. విడ్‌కాన్‌లో ఉన్న కంచెలు తనకు అడ్డమనుకుని, కంచె లేని చోటు కడతానంది. కంచె తీసేస్తే వేలమంది ఒక్కసారి మీద పడతారన్నది చూసుకోలేదు. దూరం పెడితే పిల్లలకు కోపం, పెట్టకపోతే ఊపిరాడదు. ఆ రెండింటికీ మధ్య తోవ లేదా అంటే ఉంది, కానీ దాంట్లో డబ్బు రాదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇంకొకటి, నా వృత్తి వల్ల నాకు ముందు కనిపించింది. స్టేజి. ఆ అమ్మాయిని స్టేజి మీదికి పిలిచారు. రెండు పక్కలా మనిషెత్తు డీజే బాక్సులు, వెనక ఎల్ఈడీ గోడ, యాంకర్ "కర్నూలూ, ఎనర్జీ ఏదీ!" అని అరుస్తున్నాడు. ఒక్క దెయ్యం కథ చెప్పమన్నాడు, అదీ రెండు నిమిషాల్లో. పాపం, మొదలుపెట్టింది. ఆ తగ్గు గొంతు మైకులో పడి, హాలు చివరికి పోయి, తిరిగొచ్చి, తన మాటకు తానే అడ్డుపడింది. వెనక వరసల్లోంచి ఈలలు. మా పిల్ల తల వంచుకుంది. తన ఇంటి మనిషి బజార్లో తడబడినట్టు సిగ్గుపడింది.

అది ఆ అమ్మాయి చేతగానితనం కాదు. పద్నాలుగు నిమిషాల వీడియో వెనక ఎంత ఫుటేజ్ ఉంటుందో నాకు తెలుసు. తడబడిన చోట కట్, కుక్క అరిచిన చోట కట్, ఊపిరి తీసుకున్న చోట కావాలనే ఉంచిన రెండు సెకన్లు. ఆ కళ పుట్టేది ఎడిటింగ్‌లో. స్టేజి మీద పుట్టే కళ వేరు. మా జిల్లాలోనే సురభి అనే ఊరుంది. 1885లో అక్కడ మొదలైన నాటక సమాజం కుటుంబాలు కుటుంబాలుగా ఊళ్లు తిరిగింది. చంటిబిడ్డ దగ్గర్నుంచి తాత దాకా ఆ తెరల వెనకే పుట్టి పెరిగారు. గాల్లో ఎగరడం, మంటలు, మాయలు, అన్నీ జనం కళ్లముందే, కట్ లేకుండా. అవధానమైతే చెప్పేదేముంది. ప్రొద్దుటూరు అంటే ఇప్పుడు బంగారం కొట్లు గుర్తొస్తాయి గానీ, దుర్భాక రాజశేఖర శతావధాని ఊరు అది. పృచ్ఛకుడు ఎదురుగా కూర్చుని మెలిక పెడతాడు, ఒకడు గంటలు కొడుతుంటాడు, ఇంకొకడు అప్రస్తుత ప్రసంగంతో చెడగొడుతుంటాడు. జనం లేకపోతే అవధానమే లేదు. జనం ఉంటే మిద్దె మీది కథ లేదు. రెంటినీ ఒకే స్టేజి ఎక్కించి, రెండోదానికి ఈల వేయమంటే ఎట్లా?

మరి ఆ హాలులో అసలు పని ఏం జరిగింది? జరిగింది. గోడల వెంట స్టాళ్లు: కోచింగ్ సెంటర్, మొబైల్ షాపు, ఓర్వకల్లు ఎయిర్‌పోర్టుకు దగ్గరంటూ ప్లాట్లు అమ్మేవాళ్లు. పంతొమ్మిదేళ్ల పిల్లల చేతుల్లో లేఅవుట్ బ్రోచర్లు పెట్టి ఫోన్ నంబర్లు రాయించుకున్నారు. పైన డ్రోన్ తిరుగుతోంది. యాంకర్ పదిసార్లు "అందరూ ఫ్లాష్ వేసి ఊపండి" అన్నాడు. ఎందుకో నాకు తెలుసు, నేనూ పెళ్లిళ్లలో అదే అడుగుతాను. గుంపు షాట్ కావాలి. వచ్చే ఊళ్లో వచ్చే స్పాన్సర్‌కు చూపించడానికి. అంటే మా పిల్ల 1,499 రూపాయలు కట్టి ఆ షాట్‌లో నిలబడింది. జూనియర్ ఆర్టిస్టుకైతే రోజుకూలి, భోజనం ఇస్తారు.

"అట్లయితే ఇవన్నీ మానేయాలా?" అని మా అక్క అడిగింది. పిల్లకు స్నేహితురాళ్లు దొరికారు కదా అని కూడా అంది. నిజమే. వరసలో మూడు గంటలు నిలబడ్డప్పుడు ఆదోని నుంచి వచ్చిన ఇద్దరు పిల్లలతో మాటలు కలిశాయి. ఏ కథకు ఎక్కువ భయపడ్డారో చెప్పుకుని నవ్వుకున్నారు, నంబర్లు ఇచ్చుకున్నారు. ఆ రోజు మొత్తం మీద ఆ ఛానల్ గురించి ఎవరైనా మనసు విప్పి మాట్లాడారంటే అక్కడే. ఆ వరస నడపడానికి మాత్రం టికెట్ అక్కర్లేదు.

ఇందాక తోవ ఉందన్నాను. మూడేళ్ల కిందట అనంతపురంలో మా ఫోటోగ్రాఫర్లం ముప్పైమందిమి కలిసి, ఎడిటింగ్ పాఠాలు చెప్పే ఒక యూట్యూబర్‌ను పిలిపించుకున్నాం. నేను ఆయన వీడియోలు చూస్తూనే పని నేర్చుకున్నాను, నాకూ ఆయన దుప్పటి కింద అన్నే అనుకోండి. ఒక స్టూడియో మేడ మీద, నేల మీద జంపఖానా. ఆయన లాప్‌టాప్ తెరిచి, బాగా పేరొచ్చిన తన వీడియో టైమ్‌లైన్ మా ముందు పెట్టాడు. "ఇక్కడ తప్పు చేసినా, దొరక్కుండా మ్యూజిక్ కప్పినా" అని నవ్వాడు. హిందూపురం నుంచి వచ్చిన కుర్రాడొకడు అది అట్లా కాదు, ఇట్లా కట్ చేయొచ్చని చేసి చూపించాడు. ఆయన నోట్ చేసుకున్నాడు. నాలుగు గంటలు ఎట్లా గడిచాయో తెలీదు. ఫోటో దిగాలని గుర్తొచ్చేసరికి ఆయన బస్సుకు టైమైంది. ఆయన నా పేరు అడిగాడో లేదో ఇప్పుడు గుర్తుకూడా లేదు, అది లోటనిపించలేదు. మా ఇద్దరి మధ్యా పని ఒకటి ఉంది, ఇద్దరం దాన్నే చూస్తున్నాం. కర్నూలులో బల్లకు అటు ఆ అమ్మాయి, ఇటు మా పిల్ల, మధ్యలో ఫోన్ తప్ప ఏమీ లేదు. ఒక ఇరవైమందిని చీకటి పడ్డాక ఏదో ఒక మిద్దె మీద కూర్చోబెట్టి, ఆ లాంతరు వెలిగించి, మైకు లేకుండా ఒక్క కథ చెప్పించి ఉంటే? ఇరవైమందికే. ఆ లెక్కకు హాలు అద్దె రాదు, స్పాన్సర్ రాడు. అందుకే ఎవరూ చేయరు.

వారం తర్వాత ఆ అమ్మాయి ఛానల్‌లో కర్నూలు వ్లాగ్ వచ్చింది. తొమ్మిది నిమిషాలు. బాగా చేసింది, ఒప్పుకోవాలి. డ్రోన్ షాట్, ఊగే ఫ్లాష్‌లు, కొండారెడ్డి బురుజు మీద సాయంత్రం ఎండ, ఈలలు తీసేసి చప్పట్లు పెట్టిన స్టేజి. చూస్తే నాకే పోనందుకు బాధపడాలనిపించింది, పోయొచ్చిన మనిషికి. ఆరో నిమిషంలో మా పిల్ల కనిపించింది. ఆ అమ్మాయి నవ్వు, వెంటనే మా పిల్ల నవ్వు, ఒకరినొకరు చూసి నవ్వుకున్నట్టు. పిల్ల ఆపి, వెనక్కి లాగి, మళ్లీ చూసింది.

"ఇది నేనెప్పుడు నవ్వినా మామా?"

చెరకురసం బండి దగ్గర. స్నేహితురాలు గ్లాసు ఒంపుకుని చున్నీ తడుపుకున్నప్పుడు. నాకు తెలుసు, వెనక బండి చక్రం అంచు కొంచెం కనిపిస్తోంది. తెలియదన్నాను. కింద కామెంట్లలో అందరూ "మా ఊరికి రా అక్కా" అని రాస్తున్నారు, ఇదీ "కడపకు రా అక్కా" అని రాసింది.

మొన్న రాత్రి కొత్త కథ వచ్చింది. పిల్ల ఫోన్ నా వైపు తిప్పి పెట్టింది, ఏమీ అనలేదు. లాంతరు గ్లాసుకు పగులు అట్లాగే ఉంది.